షెడ్డు అడ్రసుకి వెళ్ళిన చెక్కు

నేను ఇలా రాయడం ఇదే మొదలు. చదివింది ఐదో తరగతి, అదీ సగమే. మిగతా సగం పత్తి చేలో గడిచిపోయింది. మొదటి పేజీ రెండుసార్లు చించేశాను. అయినా రాస్తున్నాను. ఎందుకంటే ఈ సంగతి మా వైపు నవ్వులాటగా చెప్పుకుంటున్నారు, మిరపకాయ ఘాటుతో టాక్సు ఆఫీసుని తుమ్మించిన ఆడాళ్ళు అని. తుమ్మించిన మాట నిజమే, కాదనను. కానీ ఆ ఆఫీసుకి మేం నవ్వులాటకి వెళ్ళలేదు. నేను దొంగనో కాదో తేల్చుకోవడానికి వెళ్ళాను.

మాది అద్దంకి దగ్గర ఒక పల్లె. మా పని ఎండు మిరపకాయలకి తొడిమలు తీయడం. గుంటూరు మిర్చి యార్డులో కొన్న సరుకు బస్తాలకి బస్తాలు కోల్డు స్టోరేజీలకి వస్తుంది. బయటి దేశాలకి పంపే కాయకి తొడిమ ఉండకూడదు. నేల మీద గుట్ట పోసుకుని చుట్టూ కూర్చుని, ఒక్కొక్క కాయా తీసి తొడిమ గిల్లి పారేయాలి. రంగు పోయి తెల్లబడ్డ కాయని తాలు అంటాం. దాన్ని వేరే గంపలోకి ఏరాలి. సాయంత్రం కాటా వేసి కిలోకి ఇంత అని కట్టిస్తారు. మొదటి వారం చేతులు మండుతాయి, కళ్ళు మండుతాయి. రెండో వారానికి ఆ మంట మనది అయిపోతుంది.

ఫిబ్రవరిలో మొదలైతే వానలు ముదిరేదాకా ఈ పని ఉంటుంది. అన్నాళ్ళూ గుంటూరు బయట ఒక కోల్డు స్టోరేజీ వెనకాల రేకుల షెడ్డులో మా కాపురం. ఇరవై ఆరు మంది ఆడవాళ్ళం. అక్కడే వంట, అక్కడే పడక. పని అయిపోయాక షెడ్డుకి తాళం పెట్టి ఊరికి వెళ్ళిపోతాం. అక్కడ పత్తి తీతలు మొదలవుతాయి.

మొదట్లో ఆ ముఠా మా ఆడబిడ్డది. అంటే మా ఆయన అక్క. నన్ను ఆ పనిలోకి తెచ్చింది ఆమే. పెళ్ళయిన కొత్తలో చేతులు మండి ఏడుస్తుంటే, తన చేతులతో నా వేళ్ళకి నూనె రాసింది ఆమే. మనుషుల్ని కూడగట్టడం, కాటా దగ్గర పోట్లాడడం, డబ్బులు తెచ్చి పంచడం, అన్నీ వదినే చూసుకునేది. ఆమెకి చదువు రాదు. పది మంది కూలి మాత్రం నోటితోనే లెక్క కట్టేసేది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక ఏడు, పని మొదలయ్యే రోజున, మాకు పని ఇచ్చే కంపెనీ గుమాస్తా షెడ్డుకి వచ్చాడు.

"ఇకనుంచి డబ్బులు చేతికివ్వం. మేస్త్రి పేరున చెక్కు ఇస్తాం. మేస్త్రి ఎవరు?"

"ఎవరేంటయ్యా కొత్తగా, నేనే," అంది వదిన.

"సంతకం వచ్చా?"

"వేలిముద్ర వచ్చు."

"వేలిముద్రంటే బ్యాంకులో తిప్పలు. సంతకం పెట్టేవాళ్ళు ఎవరున్నారు మీలో?"

అందరూ నావైపు చూశారు. వదిన కూడా చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ముఠా ఆమె చేతిలోంచి నా చేతిలోకి అలా వచ్చింది, ఒక్క సంతకం కోసం. నేను అడిగి తీసుకోలేదు. వద్దని కూడా అనలేదు.

గుమాస్తా ఇంకో మాట చెప్పాడు. "చెక్కులో నూటికి రెండు రూపాయలు పట్టుకుంటాం. టాక్సు."

"కూలోళ్ళకి టాక్సేంటి బాబూ?" అన్నాను.

"కూలోళ్ళకి లేదు. కానీ కాయితం మీద నువ్వు కూలిదానివి కాదు, కాంట్రాక్టరువి. ఇరవై ఆరు మంది డబ్బూ నీ పేరున పడుతుంది. ఏడాది అయ్యాక ఫారం పెట్టుకుంటే పట్టుకుంది పట్టుకున్నట్టు వెనక్కొస్తుంది. రిఫండు అంటారు."

షెడ్డంతా నవ్వారు. "కాంట్రాక్టరు గారూ, కాస్త మంచినీళ్ళ బిందె అందుకోండి," అని ఒకామె ఎగతాళి చేసింది. ఆ ఏడంతా నా పేరు కాంట్రాక్టరు గారే.

ఏడాది తిరిగాక, జులై నెలలో, గుమాస్తా చెప్పిన ఆడిటర్ గారి దగ్గరికి వెళ్ళాను. అంతకుముందే నాకు టాక్సు కార్డు ఒకటి వచ్చింది. దాని మీద పది ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ ఉంటాయి. ఆడిటర్ గారి దగ్గర పనిచేసే అమ్మాయి ఫారం నింపుతూ అడిగింది.

"అడ్రసు చెప్పండి."

"కోల్డు స్టోరేజీ వెనక రేకుల షెడ్డు," అన్నాను.

ఆ అమ్మాయి తలెత్తి చూసింది. "ఇల్లు అదేనా?"

"అక్కడే ఉంటున్నామమ్మా."

నా తప్పు అదే, ముందే ఒప్పుకుంటున్నాను. కానీ ఆ రోజు అది నాకు తప్పులాగా లేదు. మా ముఠాలో ఎవరికి ఉత్తరం వచ్చినా షెడ్డుకే వచ్చేది. ఊరి అడ్రసు ఇస్తే ఇంటికి తాళం ఉంటుంది, కాయితం ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. ఏడాదిలో ఏడు నెలలు ఎక్కడ తింటామో, ఎక్కడ పడుకుంటామో అదే చెప్పాను. చెక్కు మేం లేని నెలల్లో వస్తుందన్న ఆలోచన నాకు రాలేదు. కూలి ఏ నెల పనికి ఆ నెలే ఇస్తారు కదా, గవర్నమెంటు కూడా అంతే అనుకున్నాను.

వానలు పడ్డాయి. షెడ్డుకి తాళం పెట్టాం. ఊరెళ్ళి పత్తి తీశాం. మళ్ళీ ఫిబ్రవరిలో వచ్చేసరికి అందరి నోటా ఒకటే మాట, రిఫండు వచ్చిందా అని. తలా మూడు రోజుల కూలి వస్తుంది. తక్కువేం కాదు.

టాక్సు ఆఫీసుకి సెలవు శని, ఆదివారాలు. యార్డుకీ అవే సెలవులు, మాకూ అవే. అంటే ఆఫీసుకి వెళ్ళినప్పుడల్లా ఆ రోజు కూలి పోవాల్సిందే. మొదటిసారి వదినని తోడు తీసుకుని వెళ్ళాను. ఇద్దరం ఉతికిన చీరలు కట్టుకున్నాం. మేడ మీద ఎడమ పక్క మూడో గది అన్నారు. ఒక క్లర్కు బల్ల దగ్గర నిలబడ్డాం.

"ఏం కావాలమ్మా?"

"రిఫండు సార్. మా డబ్బు ఎక్కడిదాకా వచ్చిందో చూస్తారని."

"స్టేటస్సా? కార్డేది?"

ఇచ్చాను. ఆయన రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. అంతలోనే తుమ్మాడు. మళ్ళీ తుమ్మాడు.

"ఏంటమ్మా ఈ ఘాటు?"

"మిరపకాయలండి. ఎంత ఉతికినా పోదు."

"కాస్త అవతలికి జరగండి."

జరిగాం. ఆయన లావుపాటి రిజిస్టరు తీసి వేలు పెట్టి చూసుకుంటూ పోయాడు. వేలు ఒకచోట ఆగింది.

"మీకు ఇచ్చేశాంగా. డిసెంబర్లోనే అయిపోయింది."

"ఎవరికిచ్చారండి?"

"మీకేనమ్మా. మీ పేరు, మీ అడ్రసు, రిజిస్టరు పోస్టు."

"నాకు రాలేదు సార్."

"రాకపోతే తిరిగొచ్చేది. తిరిగొచ్చినట్టు ఇక్కడ రాసిలేదు. అంటే అందినట్టే. ఇంట్లో అడిగి చూసుకోండి." ఆయన నా వెనకాల మనిషిని చూశాడు. "తరవాత ఎవరండి?"

షెడ్డులోకి అడుగుపెట్టగానే, చెప్పులు కూడా విడవకుండా, వదిన నడి మధ్యలో నిలబడింది.

"ఇచ్చేశారంట. పెద్ద పుస్తకంలో రాసుంది. ఈ చెవులతో విన్నా."

అందరి చేతులూ ఆగిపోయాయి.

"వదినా, ఇచ్చామన్నారు. నాకు అందలేదని నేను చెప్పింది వినలేదా?"

"విన్నా. ఆయనేమన్నాడో కూడా విన్నా. ఈ ముక్కుపుడక ఎప్పుడు కొన్నావే?"

నిజంగానే నేను ఆ జనవరిలో ముక్కుపుడక కొనుక్కున్నాను. చిన్నది, తెల్లరాయిది.

"పత్తి డబ్బులతో కొన్నా. నీ తమ్ముణ్ణి అడుగు."

"వాడిదేముంది, నువ్వేం చెప్పమంటే అది చెబుతాడు."

మా ముఠాలో పెద్దామె ఒకావిడ ఉండేది, నేను పిన్నీ అని పిలిచేదాన్ని. ఆమె మెల్లిగా, "పోనీలే అమ్మాయ్, అవసరమై వాడుకునుంటావు. చెప్పేస్తే పోయేది," అంది. వదిన తిట్టింది నాకు తగల్లేదు కానీ ఈ పోనీలే తగిలింది. అంత మెత్తగా అన్నదంటే, నేను ఆ డబ్బు తిన్నానని ఆమె మనసులో ఎప్పుడో ఖాయమైపోయింది.

వదిన గడువు పెట్టింది. "ఉగాది లోపల తేల్చు. లేకపోతే మేమంతా పక్క కోల్డు స్టోరేజీ మేస్త్రి దగ్గరికి పోతాం. వాడు రమ్మంటున్నాడు."

మర్నాడు ఫోన్ బూత్‌కి వెళ్ళి ఊళ్ళో మా ఆయనకి ఫోన్ చేయించాను. ఆయన అంతా విని, "మన దగ్గరున్నది తీసి ఇచ్చెయ్. పీడా పోతుంది," అన్నాడు.

"ఇస్తే తిన్నట్టు ఒప్పుకున్నట్టే కదా?"

"మరేం చేస్తావు? గవర్నమెంటుతో పోట్లాడతావా?"

"పోట్లాడను. అడుగుతా."

ఫోన్ పెట్టేశాను. అనడం అన్నాను కానీ, ఎవరిని, ఏమని అడగాలో నాకు తెలియదు.

రెండోసారి ఒక్కదాన్నే వెళ్ళాను. ఆఫీసు ఎదురుగా టీ కొట్టు దగ్గర ఒకాయన పలకరించాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు.

"రిఫండేనా? మొన్న కూడా వచ్చారు, చూశాను. ఇక్కడ అలా తిరిగితే పనవ్వదు. నాకు అప్పజెప్పండి, వారంలో తెస్తా. సగం నాది."

"సగమంటే ఎవరిది బాబూ? అది ఇరవై ఆరు మంది డబ్బు. అందులో ఏ పదముగ్గురిది నీకివ్వాలో నువ్వే మా షెడ్డుకి వచ్చి, వాళ్ళ ముందు చెప్పు."

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "నోరు పెద్దదే. అయితే తిరుగు."

"తిరుగుతా."

పైకి వెళ్ళాను. క్లర్కు నన్ను చూడగానే జేబు రుమాలు తీసుకున్నాడు.

"చెప్పాను కదమ్మా, పంపించేశాం. అందలేదంటే పోస్టాఫీసులో అడగండి."

ఆయన వదిలించుకోవడానికే అన్నాడు. నేను మాత్రం నిజంగానే వెళ్ళాను. షెడ్డు వైపు ఉత్తరాలు పంచే పోస్టాఫీసు ఏదో కనుక్కుని, అక్కడ మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. మా షెడ్డుకి వచ్చే పోస్టుమాన్ సైకిలు దిగుతూ నన్ను గుర్తుపట్టాడు.

"మీ షెడ్డుకి డిసెంబర్లో ఎవరుంటారమ్మా? తాళం వేలాడుతుంటుంది. రిజిస్టరు కవరు ఒకటి వచ్చింది, వారం రోజులు మోశాను. తరవాత వెనక్కి పంపించేశాం."

"వెనక్కంటే ఎక్కడికి?"

"ఎక్కడినుంచి వచ్చిందో అక్కడికే. ఆఫీసుకే."

అప్పుడు అర్థమైంది నాకు. ఆడిటర్ గారి దగ్గర ఆ అమ్మాయి తలెత్తి ఇల్లు అదేనా అని అడిగినప్పుడు ఒక్క నిమిషం ఆలోచించినా సరిపోయేది. పోస్టాఫీసు మెట్ల మీదే కూర్చుండిపోయాను. నా తలకాయ మీద నాకే కోపం వచ్చింది. తరవాత ఇంకో సంగతి తోచింది. కవరు పోలేదు. ఆ మూడో గదిలోనో నాలుగో గదిలోనో ఉంది. ఉన్నదాన్ని లేదంటున్నారు. అక్కణ్ణుంచి లేచాను.

షెడ్డుకి వచ్చి వదినతో చెప్పాను. "రేపు నువ్వూ రా. కవరు అక్కడే ఉంది. నీ కళ్ళతోనే చూద్దువుగాని."

"నా కూలి?"

"పోతుంది. నాదీ పోతుంది."

పొద్దున్నే పది కిలోల కాయ తొడిమలు తీశాకే లేచాం. వదిన పెట్టె తెరిచి మంచి చీర తీయబోయింది.

"మార్చుకోకు," అన్నాను.

"ఈ చీరతోనా? వాళ్ళు గదిలోకి రానిస్తారా?"

"ఉతికిన చీరతో వెళ్ళినప్పుడు అవతలికి జరగమన్నారుగా. ఇలాగే పోదాం."

వదిన నన్ను తేరిపార చూసింది. పెట్టె మూసేసింది. బస్సులో మా పక్కన ఎవరూ కూర్చోలేదు. కండక్టరు టిక్కెట్టు దూరంనుంచే చెయ్యి చాచి ఇచ్చాడు.

క్లర్కుతో పోస్టుమాన్ చెప్పింది చెప్పాను. ఆయన గొంతు ఈసారి కొంచెం తగ్గింది.

"అయితే తిరిగొచ్చి ఉండొచ్చు. కానీ తిరిగొచ్చిన కవర్లు మూడు సంచులున్నాయమ్మా. రిజిస్టర్లో ఎక్కించలేదింకా. మార్చి నెల, చూడ్డానికి మనుషుల్లేరు. ఏప్రిల్ దాటాక రండి."

ఏప్రిల్ దాటాక అంటే ఉగాది కూడా దాటిపోతుంది.

"మనుషులం మేమున్నాం సార్. ఏరడమే మా పని. సంచులు ఇవ్వండి, ఇక్కడే కూర్చుని ఏరతాం."

ఆయన నవ్వాడు. పక్క బల్ల ఆయన కూడా నవ్వాడు. "మిరపకాయలనుకున్నావా? ఆఫీసు కాయితాలు. కుదరదు, వెళ్ళండి."

మేం వెళ్ళలేదు. గది గుమ్మం పక్కనే వరండాలో గోడకి ఆనుకుని కూర్చున్నాం. పైన ఫ్యాను తిరుగుతోంది. కాసేపటికి లోపల ఒకరు తుమ్మారు. తరవాత ఇద్దరు దగ్గారు. నాకు లోపల భయంగానే ఉంది, పోలీసుల్ని పిలుస్తారేమో అని. వదిన మాత్రం నేను చెప్పకుండానే లేచి, సరిగ్గా ఫ్యాను కింద నిలబడి, కొంగు విప్పి రెండుసార్లు గట్టిగా దులిపి, మళ్ళీ చుట్టుకుని వచ్చి కూర్చుంది.

"ఉక్కగా ఉంది," అంది నాతో.

మూడో గది, నాలుగో గది, మెట్ల దగ్గర ప్యూను, అందరికీ అంటుకుంది. చివరికి వరండా కొసన ఉన్న గదిలోంచి ఆఫీసరమ్మ వచ్చింది, ముక్కుకి చీర కొంగు అడ్డం పెట్టుకుని. నడివయసు మనిషి, కళ్ళజోడు.

"ఎవరు వీళ్ళు? ఎందుకు కూర్చున్నారిక్కడ?"

క్లర్కు ఏదో ఇంగ్లీషులో చెప్పబోయాడు. నేను లేచి నిలబడ్డాను. 

"అమ్మా, మా కవరు మీ సంచిలో ఉంది. మేం తీసుకున్నామని పుస్తకంలో ఉందంట. దానివల్ల మా షెడ్డులో నన్ను దొంగంటున్నారు. అన్నది ఈమే, మా ఆడబిడ్డ. ఆ కవరు ఒక్కసారి ఈమెకి చూపిస్తే చాలు, పోతాం. చూపించకపోతే రేపు కూడా వస్తాం. ఇదే చీరతో వస్తాం."

ఆఫీసరమ్మ మమ్మల్ని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "దొంగ అన్న మనిషిని తోడు తెచ్చుకున్నావా?"

"ఆమె చూస్తేనే కదమ్మా మిగతావాళ్ళు నమ్మేది."

"చదువొచ్చా?"

"తెలుగొచ్చు. ఇంగ్లీషు రాదు. ఈ పది మాత్రం వచ్చు." కార్డు తీసి చూపించాను. ఆ పది అక్షరాలూ అంకెలూ షెడ్డు గోడ మీద బొగ్గుతో రాసి రాసి నేర్చుకున్నవే.

ఆమె తుమ్మింది. తుమ్మి, క్లర్కు వైపు తిరిగింది. "ఆ సంచులు వరండాలోకి తెప్పించండి. మీరు పక్కన కూర్చోండి. కవరు ఏదీ చించడానికి వీల్లేదు. కార్డు నంబరు మాత్రం చూసుకోమనండి."

మూడు సంచులూ వచ్చాయి. క్లర్కు కుర్చీ వేసుకుని, రుమాలు ముక్కుకి కట్టుకుని కూర్చున్నాడు. మేం సంచి బోర్లించి గుట్ట పోశాం, కాయ పోసినట్టే. అటొకరం ఇటొకరం కూర్చున్నాం. వదినకి అక్షరం రాదు. అందుకని కార్డు మా మధ్యలో పెట్టి, చివరి అక్షరం మీద వేలు పెట్టి చూపించాను.

"ఇలాంటిది చివర లేకపోతే నీ వెనక్కి తోసెయ్. ఉంటే నా వైపు పడెయ్. మిగతా తొమ్మిదీ నేను చూస్తా."

"తాలు వెనక్కి, మంచికాయ నీకు. అంతేగా."

మా చేతుల వేగం అక్కడి వాళ్ళెవరూ చూసి ఉండరు. మొదటి సంచి అయిపోయేసరికి పక్క గదుల వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. వదిన నాకు విసిరిన కవర్లు ఒక్కొక్కటీ చూస్తున్నాను. కాదు, కాదు, కాదు. రెండో సంచి సగంలో వదిన చెయ్యి ఆగింది. ఒక కవరు పట్టుకుని కార్డు పక్కన పెట్టింది. చివరి అక్షరం ఒక్కటే కాదు, మొదటినుంచీ ఒక్కొక్కటీ వేలు పెట్టి పోల్చుకుంటోంది. నాకు ఇవ్వలేదు. తనే పదీ చూసుకుంది. చూసుకున్నాక అప్పుడు నా ముందుకి జరిపింది.

"ఇదేనేమో చూడు."

అదే. కవరు మీద పోస్టుమాన్ ఎర్ర సిరాతో తెలుగులో రాసిన ముక్క ఉంది. నేను పైకి చదివాను. "షెడ్డు తాళం. మనుషులు ఊరెళ్ళారు."

వదిన నన్నే చూస్తోంది. "నువ్వు చదివేది నాకేం తెలుసు? ఆయన్ని చదవమను."

ఇంకోసారైతే కోపం వచ్చేది. ఆ రోజు రాలేదు. కవరు తీసుకెళ్ళి క్లర్కు చేతిలో పెట్టాను.

"గట్టిగా చదవండి సార్. మీరు ఇచ్చేశాం అన్నప్పుడు ఈమె విన్నది. ఇది కూడా వినాలి."

ఆయన రుమాలు కిందికి లాగి చదివాడు. గొంతులో సగం మింగేశాడు.

"వినపడలేదు సార్," అంది వదిన.

మళ్ళీ చదివాడు. ఈసారి మెట్ల దగ్గర ప్యూనుకి కూడా వినపడింది.

లోపల ఉన్న చెక్కుకి మూడు నెలల గడువు దాటిపోయిందట. అది పనికిరాదు, కొత్తది రాయాలి, దానికి అర్జీ పెట్టాలి అన్నారు. క్లర్కు ఇంగ్లీషులో రాయించుకు రమ్మన్నాడు. నేను ఆయన బల్ల మీదే తెల్లకాయితం అడిగి తీసుకుని తెలుగులో రాశాను. ఐదో తరగతి తరవాత అన్ని ముక్కలు ఒకేసారి రాయడం అదే మొదటిసారి. చెయ్యి నొప్పెట్టింది. పూర్తయ్యేసరికి కాయితం మీద నా వేళ్ళ ఎర్ర మరకలు పడ్డాయి. ఆఫీసరమ్మ అలాగే తీసుకుంది.

"కొత్త చెక్కు ఏ అడ్రసుకి పంపమంటావు?"

"ఎప్పుడు పంపుతారో చెప్పండమ్మా. అప్పుడు ఎక్కడుంటామో చెబుతా."

ఆమె నవ్వి, "వద్దులే. కబురు చేస్తాం, వచ్చి చేతికి తీసుకో," అంది.

షెడ్డుకి వచ్చాక ఎవరూ నన్ను అడగలేదు. అందరూ వదిన వైపే చూశారు. వదిన బిందెలో నీళ్ళు ముంచుకుని తాగింది. మూతి తుడుచుకుంది.

"కవరుంది. నేనే ఏరా. తాళం ఉంటే పోస్టాయన వెనక్కి పంపాడంట. ఆఫీసులో ఆయన చదివాడు."

అంతే. నేను తినలేదన్న మాట ఒక్కటి ఆమె నోట్లోంచి వస్తుందేమో అని చూశాను. రాలేదు. పిన్ని మాత్రం లేచి వచ్చి నా పక్కన కూర్చుంది, నా గుట్టలోంచి కాయ తీసుకుని తొడిమలు గిల్లడం మొదలుపెట్టింది. ఉగాది వెళ్ళిపోయింది. పక్క కోల్డు స్టోరేజీకి ఎవరూ పోలేదు.

చెక్కు ఎండాకాలం నడుమ వచ్చింది. బ్యాంకులో వేసి, తీసుకుని, అందర్నీ కూర్చోబెట్టి పంచాను. వదిన తన వాటా రెండుసార్లు లెక్క పెట్టుకుని కొంగున ముడేసుకుంది. నేను అప్పుడు ఊరుకోలేకపోయాను. ఇంతమందిలో అన్న మాట ఇంతమందిలోనే తీసుకోవాలి అనిపించింది.

"ఇప్పుడు చెప్పు వదినా. తిన్నానా?"

వదిన తల దించుకోలేదు.

"తినలేదు."

మళ్ళీ అందుకుంది.

"అయితే ఏంటంట? నా కూలి నీ పేరున పడుతున్నప్పుడు అడక్కుండా ఉంటానా? వచ్చే ఏడు కూడా అడుగుతా. ఆ పై ఏడు కూడా అడుగుతా. నీకు కోపమొస్తే రానీ."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా, కొంచెం. కానీ ఆఫీసులో నేను నిలబడి అడిగింది కూడా అదే కదా.

"అడుగు," అన్నాను. "కానీ అడిగి ఊరుకో. నేను చెప్పకముందే ముక్కుపుడక వైపు చూడకు."

"చూడను," అంది. చేతిలో కాయ తొడిమ గిల్లి పారేసింది. "ఇంకొకటుంది. నీ కూడా ఆఫీసుకొచ్చిన రెండు రోజులు నా కూలి పోయింది. అదెవరిస్తారు?"

"నాకెవరిచ్చారు? పోయి గవర్నమెంటుని అడుగు."

"అడుగుతా. ఏ గదిలో అడగాలి?"

షెడ్డంతా ఘొల్లుమన్నారు. వదిన నవ్వలేదు. ఆమె నిజంగానే అడుగుతోంది.